కెనడా తపాలాబిళ్ళల ముద్రణవిధాన చరిత్ర

శాసనపరిశోధకులకు లిపిస్వరూపము ప్రధానమైన ఆధారము. శాసనమునందు కాలము చెప్పబడకున్నను, అక్షరముల తీరును తలకట్టుల మార్పును చూచి కాలనిర్ణయము చేయుట పండితులకు పరిచితమైన మార్గమే. తాళపత్రప్రతులను పరిష్కరించువారును లేఖకుల పొరపాట్లను బట్టియే ఏ ప్రతికి ఏ ప్రతి మాతృకయో గుర్తింతురు. ఈ మార్గము ప్రాచీనగ్రంథములకు మాత్రమే పరిమితమైనది కాదు. యంత్రముపై లక్షలకొలది అచ్చుపడిన చిన్న కాగితపుముక్కకును అది వర్తించును. కెనడా దేశపు తపాలాబిళ్ళలు ఇందులకు మంచి నిదర్శనము.

1851వ సంవత్సరమున మొదలైన ఆ బిళ్ళల చరిత్రను సాధారణముగా బొమ్మల చరిత్రగా వ్రాయుదురు. ఏ బిళ్ళపై ఏ రాణి యున్నది, ఏ మృగము ఏ సంవత్సరమున చిత్రింపబడినది అనునదియే అట్టి గ్రంథముల వరుస. కాని బొమ్మ మారకయే ముద్రణవిధానము మారిన సందర్భము లనేకము కలవు. ఆ మార్పులను కలిగించినది సౌందర్యాభిలాష గాదు. కూటముద్రణభయము, వ్యయము, వేగము, తుదకు ఉత్తరముల నేర్పరచు యంత్రముల అవసరము వానికి కారణములు. ప్రతి మార్పును బిళ్ళపై నొక గుర్తును విడిచినది. ఆ గుర్తులలో పెక్కులు ముద్రాపకులు దాచదలచిన దోషములే యగుటచే, చరిత్రకారునకు అవి నిష్పక్షపాతములైన సాక్ష్యము లగుచున్నవి.

ముద్రణపద్ధతులను ముందుగా వేరుపరచుకొనుట యవసరము. మొదటిది లోతుచెక్కడపు ముద్రణము. ఇందు చిత్రరేఖలు లోహపుపలకలో పల్లముగా చెక్కబడును. పలకయంతటను సిరా పూసి పైభాగమును తుడిచివేసినచో గీతలలోని సిరా మాత్రము నిలుచును. తడిపిన కాగితమును దానిపై నుంచి బలముగా నొత్తినప్పుడు, కాగితము ఆ పల్లములలోనికి దిగి సిరాను పైకి తెచ్చును. అట్లచ్చుపడిన గీతలు కొంచె ముబ్బెత్తుగా నుండుటచే వ్రేలితో తడవియు తెలిసికొనవచ్చును. రెండవది ఎత్తుముద్రణము. పుస్తకముల నచ్చువేయు సీసపుటక్షరములయందువలె, ఇందు అచ్చుపడవలసిన భాగమే మీదికి లేచియుండును. మూడవది శిలాముద్రణము, నేటి ఆఫ్‌సెటు దాని సంతతియే. ఇందు ఎత్తుపల్లములు లేవు. నీటికిని జిడ్డునకును గల సహజవైరమే దీని కాధారము. వీనికి తోడు, ఛాయాచిత్రమును సన్నని గుంటలుగా మార్చి లోహపుస్తంభముపై నెక్కించు ఫోటోగ్రవ్యూరు పిమ్మట చేరినది. అదియు పల్లపుముద్రణమే, అయినను అందు చెక్కువాని చేతిపని లేదు.

ఉక్కుపలకల కాలము

బ్రిటిషు ఉత్తర అమెరికాలోని వలసరాజ్యములకు తమ తపాలాను తామే నడుపుకొను నధికారము 1851వ సంవత్సరమున లభించెను. అప్పటి కెనడా రాష్ట్రము, అనగా నేటి ఒంటారియో క్విబెకు ప్రాంతముల దక్షిణభాగము, ఏప్రిలు 6వ తేదీన ఆ బాధ్యతను స్వీకరించెను. అదే నెల 23వ తేదీన తొలిబిళ్ళ వెలువడెను. దాని వెల మూడు పెన్నీలు; దానిపై బొమ్మ బీవరు అను జలమృగము. చిత్రకల్పన చేసినవాడు శాండ్‌ఫర్డు ఫ్లెమింగు. స్కాట్లండున జన్మించి 1845లో కెనడాకు వచ్చిన యీ ఇంజనీరు, తరువాతి కాలమున రైలుమార్గ నిర్మాణమునను, ప్రపంచమంతటికిని క్రమమైన కాలమానము నేర్పరచు నుద్యమమునను ప్రసిద్ధికెక్కెను.

బిళ్ళలు వలసరాజ్యముననే ముద్రింపబడలేదు. ఆ పని న్యూయార్కు నగరములోని రాడన్, రైట్, హాచ్, ఎడ్సన్ అను సంస్థకు అప్పగింపబడెను. ఆ సంస్థ ముఖ్యవృత్తి బ్యాంకునోట్లను చెక్కుట. ఈ యెంపిక యాదృచ్ఛికము కాదు. తపాలాబిళ్ళయు నొకవిధమైన ధనమే. దానిని దొంగగా నచ్చువేసినచో ప్రభుత్వాదాయమునకు నష్టము. ఉక్కుపై నేర్పరి చెక్కిన సన్ననిగీతలను, అందును ముఖ్యముగా మానవముఖమునందలి వెలుగునీడలను, మరియొకడు తప్పులేక అనుకరించుట మిక్కిలి కష్టము. నోట్లకు రక్షణమైన యా విద్యయే బిళ్ళలకును రక్షణ మయ్యెను.

ఒక బొమ్మను పలకపై నూరుమార్లు చేతితో చెక్కుట సాధ్యము కాదు. సాధ్యమైనను నూరును ఒక్కతీరున నుండవు. ఈ చిక్కును విడదీసినవాడు జేకబు పెర్కిన్సు అను అమెరికా దేశీయుడు. ఆయన ఇంగ్లండునకు వెళ్ళి స్థాపించిన సంస్థయే 1840లో లోకమునందలి మొదటి జిగురుబిళ్ళయగు పెన్నీబ్లాకును ముద్రించినది. ఆ పద్ధతి యిట్టిది. మెత్తనియుక్కు ముక్కపై బొమ్మను ఒకమారు చెక్కి, కాచి, గట్టిపరతురు. దానిపై మెత్తనియుక్కు రోలరును గొప్పబరువుతో దొర్లించినచో పల్లపుగీతలు రోలరుపై ఎత్తుగా దిగును. ఆ రోలరును గట్టిపరచి, పెద్దపలకపై వరుసగా నెన్ని బిళ్ళలు కావలయునో అన్నిమార్లు దొర్లింతురు. ఇట్లు ఒక్క చెక్కడమునుండి వందలాది సమానప్రతిరూపములు పుట్టును.

సమాన మనునది సిద్ధాంతమున మాత్రమే. రోలరును సరియైన చోట నిలుపువాడు మనుష్యుడు. ఒకమారు అది కొంచెము ప్రక్కకు జరిగినను, అరిగిన పలకకు పదును తెచ్చుటకై రోలరును మరల దొర్లించినప్పుడు పాతగీతపై క్రొత్తగీత సరిగా కూర్చుండకున్నను, ఆ స్థానమున నచ్చుపడు ప్రతిబిళ్ళయందును గీతలు జంటలుగా కనబడును. బిళ్ళల పరిశోధకులు దీనిని పునఃప్రవేశ మందురు. తుడిచి దిద్దిన తాళపత్రమున పాత అక్షరపుజాడ నిలిచినట్లే, ఇచటను దిద్దుబాటునకు సాక్ష్యము దిద్దుబాటునందే యున్నది. 1859లో వెలువడిన అయిదుసెంట్ల బీవరుబిళ్ళయందు ఇట్టి గుర్తులు విస్తారముగా నుండుటచే, విడివిడిగా దొరకిన బిళ్ళలను బట్టి పలకలోని స్థానములను గుర్తించుట సాధ్యమైనది.

తొలిబిళ్ళలలో మిగుల ప్రసిద్ధమైనది 1851 జూనులో వెలువడిన పండ్రెండు పెన్నీల నల్లబిళ్ళ. ఆల్ఫ్రెడు ఎడ్వర్డు చాలన్ చిత్రించిన విక్టోరియారాణి రూపము దానికి మూలము. పండ్రెండు పెన్నీలు ఒక షిల్లింగే యైనను, ఆ పేరు బిళ్ళపై వేయబడలేదు. ఆ కాలమున అమెరికాఖండమునందు షిల్లింగను పేరునకు ప్రాంతమునుబట్టి వేరువేరు విలువ లుండుటయే యిందులకు కారణముగా చెప్పబడుచున్నది. 51,000 బిళ్ళలు అచ్చువేయబడినను, విక్రయమైనవి సుమారు 1,500 మాత్రమే. మిగిలినవి 1857లో నాశనము చేయబడినవి. చెక్కడపునేర్పున శిఖరమునందున్న బిళ్ళ, అవసరమునకు మించిన వెల కలదియై వాడుకలేక నశించినది. ముద్రణకళయు తపాలావసరమును ఒక్కబాటను నడువవని మొదటినుండియు ఈ యుదాహరణము తెలుపుచున్నది.

ఇరుగుపొరుగు వలసరాజ్యములు ఇతరమార్గములను త్రొక్కినవి. న్యూ బ్రన్స్‌విక్, నోవా స్కోషియా రాజ్యములు 1851లో తమ తొలిబిళ్ళలను లండనులోని పెర్కిన్సు, బేకన్ సంస్థచే ఉక్కుపలకలపై చేయించుకొన్నవి. పడమటితీరమునందలి బ్రిటిషు కొలంబియాకును వాంకూవరు దీవికిని 1860లో లండనులోని డి లా రూ సంస్థ యిచ్చినది ఎత్తుముద్రణపు బిళ్ళ. డి లా రూ వారి రక్షణోపాయము చెక్కడమునందుకంటె సిరాయందే యెక్కువగా నుండెను. వాడినబిళ్ళను కడిగి మరల నంటింపబూనినచో రంగు చెడునట్లు వారు సిరాలను సిద్ధపరచుచుండిరి. కూటముద్రణమును అడ్డుటకు లోతుగీతయే యేకైకమార్గము కాదని దీనిచే స్పష్టము. అయినను కెనడా ఉక్కుగీతనే నూరేండ్లకు పైగా విడువలేదు.

రంధ్రములును కాగితమును

మొదటిబిళ్ళలకు అంచున రంధ్రము లుండలేదు. తపాలాకచేరిలోని గుమాస్తా కత్తెరతోనో కత్తితోనో వానిని వేరుచేయవలసియుండెను. ఇంగ్లండున హెన్రీ ఆర్చరు అనువాని ప్రయత్నముచే ఏర్పడిన రంధ్రయంత్రము 1854నుండి ఆ దేశమున స్థిరపడగా, కెనడా 1858-59 సంవత్సరములలో దానిని గ్రహించెను. ఇంతలో 1858న న్యూయార్కు సంస్థ మరికొన్నిటితో కలిసి అమెరికన్ బ్యాంకు నోటు కంపెనీ యయ్యెను. 1859 జులైలో పెన్నీలు పోయి సెంట్లు వచ్చుటచే బిళ్ళలన్నియు మార్పుచెందినవి. బొమ్మలు పెక్కులు పాతవే, వెలలు మాత్రము క్రొత్తవి.

ఆ వరుసలోని పదిసెంట్ల బిళ్ళపై రాణి భర్తయగు ఆల్బర్టు రాకుమారుని రూప మున్నది. దాని రంగు ఒక్కటి కాదు. నలుపుగలసిన గోధుమవన్నెనుండి ఊదా, ఎఱ్ఱనిఊదా వరకు అనేకచ్ఛాయలు కలవు. కచేరినుండి ఆజ్ఞ వచ్చినప్పుడెల్ల క్రొత్తగా సిరా కలుపుటయు, కలిపినప్పుడెల్ల పాళ్ళు కొంచెము మారుటయు నిందులకు కారణము. తేదీముద్ర గల ఉత్తరములపై నున్న బిళ్ళలను కూర్చి, ఏ ఛాయ ఏ కాలపుముద్రణమో పరిశోధకులు వరుసపరచిరి. సిరా కలుపువాని యజాగ్రత్త యిట్లు కాలసూచిక యైనది.

1867 జులై 1వ తేదీన కెనడా డొమీనియను ఏర్పడెను. ముద్రణమును స్వదేశమునకు తెచ్చుటకు అది తగిన సమయము. 1866లో స్థాపితమైన బ్రిటిష్ అమెరికన్ బ్యాంకు నోటు కంపెనీ మాంట్రియలు, ఒట్టావా నగరములలో నుండి ఆ పనిని గ్రహించెను. 1868లో వెలువడిన దాని బిళ్ళలకు పరిమాణమునుబట్టి పెద్దరాణులని పేరు. 1870నుండి క్రమముగా వాని స్థానమున చిన్నరాణులు వచ్చిరి. బిళ్ళ చిన్నదైనచో ఒక్క పలకపై నెక్కువబిళ్ళలు పట్టును. కాగితము, సిరా, శ్రమ తగ్గును. పొదుపు యీ మార్పునకు హేతువు.

పెద్దరాణులలో కొన్ని ఒక కాగితపుమిల్లు పేరు నీటిగుర్తుగా గల కాగితముపై నచ్చుపడినవి. ఇ., జి. బాత్‌వెల్, క్లూతా మిల్స్ అను నా పేరు పెద్దయక్షరములతో కాగితపు తావున నొకభాగమున మాత్ర ముండెను. అందుచే అనేకబిళ్ళలకు అక్షరమే లేదు. కొన్నింటికి ఒకటి రెండక్షరముల తునకలు మాత్రము లభించినవి. పగిలిన శాసనఖండములను కూర్చి పంక్తిని పూరించురీతిగ, పరిశోధకులు ఈ తునకలను కూర్చి మిల్లుపేరును కాగితపు అమరికను నిర్ణయించిరి. ఇంతకంటె విచిత్రమైనది రెండుసెంట్ల పెద్దరాణి. అడ్డుగీతలు గల కాగితముపై నచ్చుపడిన యీ బిళ్ళలు నేటికి మూడు మాత్రమే యెఱుకపడినవి. ఇరువదవ శతాబ్దమంతయు రెండే యనుకొనబడగా, మూడవది ఇరువదియొకటవ శతాబ్దమున బయటపడెను. బొమ్మను మాత్రము చూచువానికి ఇవి సామాన్యములు. వెలుతురున కెదురుగా పట్టి కాగితమును చూచినవానికి మాత్రమే అపూర్వములు.

చిన్నరాణులు 1897వరకు వాడుకలో నుండెను. ముద్రణస్థానము మొదట ఒట్టావా, పిదప మాంట్రియలు, మరల ఒట్టావా. చిత్ర మొక్కటియే యైనను, కాగితపు మందమునను, సిరాచ్ఛాయయందును, రంధ్రముల కొలతయందును భేదములు కలవు. రెండు సెంటీమీటర్ల పొడవున నెన్ని రంధ్రములున్నవో లెక్కించుట బిళ్ళలను కొలుచు సామాన్యమార్గము. ఆ లెక్కయందు అరసంఖ్య భేదమైనను ఏ నగరమున నచ్చుపడినదో చెప్పుటకు తోడ్పడును.

రెండు పద్ధతుల కలయిక

1897లో ముద్రణాధికారము అమెరికన్ బ్యాంకు నోటు కంపెనీ ఒట్టావాశాఖకు సంక్రమించెను. ఆ శాఖయే 1923లో కెనడియన్ బ్యాంకు నోటు కంపెనీ యని పేరు మార్చుకొనెను. దాని తొలికార్యము విక్టోరియారాణి వజ్రోత్సవపు బిళ్ళల వరుస. అరసెంటునుండి అయిదు డాలర్లవరకు పదునారు వెలలు. ప్రతిబిళ్ళపైనను యౌవనమునందలి రాణియు వార్ధక్యమునందలి రాణియు ప్రక్కప్రక్కన కలరు. ఇదియంతయు లోతుచెక్కడమే.

మరుసటి సంవత్సరము ఆ యలవాటునకు మొదటి భంగము కలిగెను. సామ్రాజ్యమునందు ఉత్తరమునకు పెన్నీ, అనగా రెండుసెంట్లు, మాత్రమే చెల్లింపవలయునను ఏర్పాటు 1898 డిసెంబరు 25వ తేదీనుండి అమలునకు వచ్చెను. అందులకై కృషిచేసిన పోస్టుమాస్టరు జనరలు విలియం మ్యూలకు దాని స్మారకముగా ప్రపంచపటము గల రెండుసెంట్ల బిళ్ళను వెలువరించెను. బ్రిటిషు పాలనమునందలి భూములు ఎఱ్ఱగాను, సముద్రము లేతరంగుగాను, రేఖలును అక్షరములును నల్లగాను నుండవలయునని యుద్దేశము. హిందూదేశమును ఆ యెరుపునందే యున్నది. మెర్కేటరు పద్ధతిని గీచిన పట మగుటచే, ధ్రువమునకు సమీపమున నున్న కెనడా తన నిజపరిమాణమునకు మించి విశాలముగా కనబడుచున్నది.

మూడురంగుల నొకేపద్ధతిని అచ్చువేయుట ఆనాడు వ్యయసాధ్యము. కావున నల్లరేఖలు ఉక్కుపలకనుండియు, మిగిలిన రెండురంగులు ఎత్తుముద్రణపు పలకలనుండియు వేయబడినవి. కెనడా బిళ్ళలలో బహువర్ణముద్రణమునకు ఇదియే ఆరంభము. అయితే కాగితము మూడుమార్లు యంత్రమునకు పోవలెను. మూడుమార్లును ఒకే స్థానమున నిలువవలెను. నిలువలేదు. అనేకబిళ్ళలయందు ఎరుపు తీరరేఖను దాటి సముద్రములోనికి వ్యాపించినది. కొన్నిట భూమియే ఎరుపును విడిచి నిలిచినది. సముద్రపురంగును ఒక్కతీరున నుండక ఊదాగాను, నీలముగాను, ఆకుపచ్చచాయ గలదిగాను మారినది. సామ్రాజ్యపు సరిహద్దులను లోకమునకు చాటుటకు పుట్టిన బిళ్ళపై ఆ సరిహద్దులే నిలుకడ లేనివైనవి. రాజ్యాభిమానము కోరిన రంగును ఆనాటి యంత్రము సరిగా నందింపలేకపోయిన దనుటకు ఇది సాక్ష్యము. ఈ యనుభవము తరువాత కెనడా చిరకాలము ఏకవర్ణమైన ఉక్కుగీతకే కట్టుబడియుండెను.

తడిముద్రణము, పొడిముద్రణము

అయిదవ జార్జిరాజు నౌకాసేనాని వేషమున గల బిళ్ళలు 1911 డిసెంబరునుండి 1928వరకు వెలువడినవి. వీనికి అడ్మిరలు బిళ్ళలని పేరు. ముద్రణచరిత్రయందు వీని ప్రాముఖ్యము విశేషమైనది. లోతుచెక్కడమునకు కాగితము తడిసియుండవలయునని ముందే చెప్పబడెను. తడిసిన కాగితము సాగును, ఆరినప్పుడు ముడుచుకొనును. ఆ ముడుత కాగితపు నారలు నడచు దిక్కునుబట్టి యుండును గాని నలువైపుల సమానముగా నుండదు. అందుచే తావు ఎంత ముడుచుకొనునో ముందుగా తెలియక, రంధ్రములు గీతలపై పడి బిళ్ళలు వ్యర్థమగుచుండెను.

1922 చివరనుండి పొడికాగితముపై నధికమైన ఒత్తిడితో ముద్రించు పద్ధతి క్రమముగా ప్రవేశించెను. ఒకే మూలఫలకమునుండి పుట్టినవయ్యును, పొడిగా నచ్చుపడిన బిళ్ళ తడిగా నచ్చుపడినదానికంటె కొంచెము వెడల్పుగా నుండును. భేదము సుమారు అర మిల్లీమీటరు. కంటికి తెలియరాని యీ భేదము ఒక బిళ్ళపై మరియొక బిళ్ళ నుంచి చూచినచో స్పష్టమగును. రాజు ముఖము మారలేదు, అక్షరము మారలేదు, వెలయు మారలేదు. మారినది కాగితములోని నీరు మాత్రమే. కర్మాగారమున జరిగిన గొప్పమార్పునకు ఇంతటి సూక్ష్మమైన కొలతయే ప్రత్యక్షసాక్షి.

1930లో ముద్రణాధికారము మరల బ్రిటిష్ అమెరికన్ కంపెనీకి పోయి, 1935లో కెనడియన్ కంపెనీకి తిరిగివచ్చెను. ఈ నడుమ బల్లపరుపు పలకలతోపాటు వంచినపలకలు గల చక్రయంత్రములును వాడుకకు వచ్చినవి. పలకను వంచినప్పుడు బొమ్మ వంపుదిక్కున కొంచెము సాగుట సహజము. ఇచటను యంత్రభేదము కొలతయందే తెలియును.

ఉక్కుచెక్కడపు పరమావధిగా పలువురు భావించునది 1929 జనవరిలో వెలువడిన ఏబదిసెంట్ల నీలపుబిళ్ళ. బ్లూనోసు అను తెరచాపనౌక బొమ్మ దానిపై నున్నది. సముద్రతరంగములు, తెరచాపల నీడలు, మేఘములు అన్నియు ఒక్కరంగు గీతల దగ్గరితనమునను దూరమునను మాత్రమే ఏర్పడినవి. 1935నుండి చెక్కడపుపనివారు మరియొక పద్ధతిని చేర్చిరి: బిళ్ళ రూపొందిన సంవత్సరమును చిత్రరేఖలనడుమ అతిసూక్ష్మమైన అంకెలతో దాచుట. భూతద్దము లేక అది కనబడదు. అంతవరకు దోషములవలన తెలిసికొనవలసిన కాలమును, ముద్రాపకుడే స్వయముగా లిఖించుట ఇప్పటినుండియే.

తలక్రిందైన బిళ్ళ

లోతుచెక్కడమున రెండురంగులు కావలసినప్పుడు కాగితము రెండుమార్లు యంత్రమునకు పోవలసియుండెను. ఇందలి ప్రమాదము 1959లో బయటపడెను. సెంటు లారెన్సు జలమార్గము ప్రారంభమైన సందర్భమున జూను 26వ తేదీన కెనడాయు అమెరికా సంయుక్తరాష్ట్రములును ఒకే బొమ్మతో బిళ్ళలను వెలువరించినవి. రంగులు ఎరుపు, నీలము. కెనడా బిళ్ళలలో కొన్ని తావులు రెండవమారు యంత్రమునకు తలక్రిందుగా పోయెను. అందుచే నడిమిబొమ్మ నిలువుగా నుండగా చుట్టునున్న అక్షరములు తలక్రిందులైన బిళ్ళలు పుట్టెను. అవి ఆగస్టులో విన్నిపెగు నగరమున మొదట గుర్తింపబడినవి. ఎఱుకపడినవి సుమారు 400.

అమెరికా ప్రభుత్వము ఆ బొమ్మనే తన బిళ్ళపై ముద్రించెను. కాని అచట వాడబడినది జియోరి యంత్రము. ఒక్క పలకపై రెండురంగుల సిరాలను వేరువేరుచోట్ల పూసి, కాగితమును ఒక్కమారే నొత్తుట దాని ప్రత్యేకత. అట్టి యంత్రమున ఒకరంగు నిలువుగాను మరియొకరంగు తలక్రిందుగాను పడుటకు తావు లేదు. బొమ్మ యొక్కటి, కాలమొక్కటి, ముద్రణవిధానములు రెండు. దోషము ఒక్కచోట మాత్రమే పుట్టెను. ముద్రణవిధానమే దోషమునకు కారణమని నిరూపించుటకు ఇంతకంటె తేటయైన యుదాహరణము దొరకుట యరుదు. హిందూదేశమున 1854లో కలకత్తాలో శిలాముద్రణముచే వెలువడిన నాలుగణాల బిళ్ళయును ఎరుపు నీలము రంగులదే; అదియు రెండుమార్లు ముద్రింపబడినదే. అందును కొన్నిట రాణితల తలక్రిందైనది. నూరేండ్ల యంతరమున్నను, ఖండములు వేరైనను, ఒకే విధానము ఒకే తప్పును కన్నది.

యంత్రములకొఱకైన బిళ్ళ

1962 జనవరిలో విన్నిపెగున జరిగిన యొక ప్రయోగము బిళ్ళ ప్రయోజనమునే కొంతవరకు మార్చెను. ఉత్తరములను విడదీసి, ముఖము సరిచేసి, ముద్రవేయు సెఫాకాన్ అను యంత్రమునకు బిళ్ళ యెక్కడ నున్నదో తెలియవలయును. అందులకై బిళ్ళలపై కంటికి సరిగా కనబడని భాస్వరపు పట్టీలు వేయబడినవి. అతినీలలోహితపు వెలుగున అవి మెరయును; యంత్రము ఆ మెరుపును చూచి ఉత్తరమును త్రిప్పును. 1851నాటి గీత కూటముద్రాపకుని కంటికొఱకు చెక్కబడగా, ఈ పట్టీ మనుష్యుని కంటికొఱకే కాదు.

తరువాత ఒట్టావాయందు వేరొక మెరుపుపదార్థము వాడబడెను. 1972లో ప్రవేశించిన ఓపీ-4 అను దానికొక దోష ముండెను: అది నిలిచినచోట నిలువక ప్రక్కకాగితములోనికి వ్యాపించును. దానిని త్వరలో మానివేసి ఓపీ-2 అను స్థిరమైన పదార్థమును చేర్చిరి. కాని ఆ స్వల్పకాలపు బిళ్ళలు తమతో నుంచిన కవరులకును పుస్తకపుటలకును మెరుపు నంటించినవి. ఈ దోషమే నేడు ఆ ముద్రణముల కాలమును చెప్పుచున్నది. సేకరించువారికి మాత్రము చిక్కు తెచ్చుచున్నది. ఏలయన, అంటుకొన్న మెరుపును సహజమైనదిగా భ్రమపడుటకు అవకాశము కలదు.

ఆ దశకముననే బహువర్ణముల కోరిక బలపడెను. 1968లో బూడిదరంగు జే పక్షి బిళ్ళ లిథోగ్రాఫుపద్ధతిని వెలువడెను. ఆఫ్‌సెటుపద్ధతిని రంగుచిత్రమును తక్కువవ్యయముతో శీఘ్రముగా నచ్చువేయవచ్చును. 1972నాటి ప్రకృతిదృశ్యముల వరుసయందు ఫోటోగ్రవ్యూరు రంగును, చెక్కినగీత రూపమును ఇచ్చినవి. రెండును ఒకే బిళ్ళపై కలిసినవి. 1898నాటి కలయిక విఫలమైనచోట ఇది సఫలమైనది. కాని కాలక్రమమున గీత వెనుకకు తగ్గి, ఆఫ్‌సెటే నిత్యవ్యవహారమునకు నిలిచెను. జిగురునందును మార్పు వచ్చెను: 1967నాటి బిళ్ళల వరుస వాడుకలో నుండగనే డెక్స్‌ట్రిన్ జిగురు స్థానమును పాలీవినైల్ ఆల్కహాలు జిగురు ఆక్రమించెను. 1989లో తడిపనవసరము లేని స్వయముగా నంటుకొను బిళ్ళలు వచ్చినవి. 1992లో అంతరిక్షవిషయకమైన యొక బిళ్ళపై హోలోగ్రాము చేర్చబడెను. చెక్కినగీత విశేషసందర్భములకు పరిమితమైనను పూర్తిగా నశింపలేదు. 2010లో వెలువడిన పది డాలర్ల నీలితిమింగిలపు బిళ్ళయందు లిథోగ్రాఫుతోపాటు ఉక్కుచెక్కడమును కలదు.

ప్రమాణవిచారము

పై చరిత్రనుండి యొక హెచ్చరికయు తేలుచున్నది. బిళ్ళ సాక్ష్యము గొప్పదే కాని నిరపాయమైనది కాదు. ఎండ తగిలిన సిరా వెలిసిపోవును. తేమ తగిలిన కాగితము కొలత మారును. మెరుపుపట్టీ ప్రక్కబిళ్ళనుండి అంటుకొనును. జిగురును మోసగాండ్రు మరల పూయుదురు. కావున ఒక్కగుర్తును బట్టి తీర్పు చెప్పరాదు. ఛాయను తేదీముద్రతోను, రంధ్రసంఖ్యను కాగితముతోను, కొలతను కచేరిపత్రములతోను సరిచూచినప్పుడే నిర్ణయము నిలుచును. శాసనపు లిపిని చెప్పబడిన శకముతోను, రాజవంశక్రమముతోను పోల్చి నిశ్చయించు మార్గమున కిది భిన్నము కాదు.

కచేరిపత్రములు సాధారణముగా ఆజ్ఞలను చెప్పును: ఇన్ని బిళ్ళలు వేయవలయును, ఈ రంగు ఉండవలయును అని. కర్మాగారమున నిజముగా జరిగినదేదో, ఎవరి చేయి జారినదో, ఏ పూట సిరా చెడినదో, ఏ తావు తలక్రిందుగా పోయినదో బిళ్ళలే చెప్పును. ఆజ్ఞకును ఆచరణకును నడుమనున్న యీ యెడమునందే ముద్రణచరిత్రయొక్క సారమున్నది. పేరు మిగుల్చుకొనని సిరాపనివాడు, రోలరు నడిపినవాడు, కాగితము తడిపినవాడు తమ కార్యమును వ్రాసిపెట్టలేదు; వారి పనితీరు మాత్రము జంటగీతయందును, అర మిల్లీమీటరు వెడల్పునందును నిలిచియున్నది. అది చదువదగినదే యని గ్రహించిన నాడు, తపాలాబిళ్ళ వినోదవస్తుకోటినుండి తొలగి ఆధారపత్రముల కోటిలో చేరును.